45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్: రొయ్య రేటు పడిన రోజున కూడా పనికొస్తుందా?

జూన్ 21న స్టేడియాల్లో, కాలేజీ గ్రౌండుల్లో, సచివాలయాల ముందు అందరూ కలిసి చేసే యోగాకు ఒక వరస ఉంది. దాని పేరు కామన్ యోగా ప్రోటోకాల్. కేంద్ర ఆయుష్ శాఖ తయారు చేయించింది. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి యోగా దినోత్సవానికి ఒప్పుకుంది, 2015లో అది మొదటిసారి జరిగింది. అప్పటి నుంచీ ఈ వరసే కొద్దిపాటి మార్పులతో నడుస్తోంది. నిడివి 45 నిమిషాలు. పుస్తకానికీ వీడియోకూ పైసా కట్టక్కర్లేదు. 2025లో మే 21 నుంచి నెల రోజులపాటు ఆంధ్రప్రదేశ్ అంతా ప్రభుత్వ యోగా కార్యక్రమం యోగాంధ్ర జరిగినప్పుడు ఊళ్లదాకా వచ్చిందీ ఈ ప్రోటోకాలే.

జూన్ 21న చేసి మళ్లీ ఏడాదికి చాప పరిచేవాళ్లకు ఈ సమీక్షతో పనిలేదు. మనసు కాస్త కుదురుగా ఉండాలని, రోజూ చేద్దామని అనుకునేవాళ్లకు ఇది ఎంతవరకు ఉపయోగమో చూద్దాం.

మన నెల్లూరు, ప్రకాశం వైపు రాబడి ఏడాది పొడుగునా ఒక్క తీరున వచ్చే ఇళ్లు తక్కువ. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలు వేసినవాళ్లను 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు పట్టిన దిగులు అడగండి. టంగుటూరు, కొండపి, పొదిలి పక్క పొగాకు రైతు వేలం కేంద్రానికి బేళ్లు తోలి, కొనేవాళ్లు ముందుకు రాక వెనక్కి తెచ్చుకునే రోజులున్నాయి. పెన్నా కింద పుట్టి ధాన్యానికి, అంటే మన లెక్కలో 850 కిలోలకు, నాట్లప్పుడు అనుకున్న ధర కోతలనాటికి ఉంటుందన్న నమ్మకం లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మీదుగా పోయింది. యోగా వీటిలో దేన్నీ ఆపదు, రేటు పైసా పెంచదు. రేటు పడిందని తెలిసిన రాత్రి నిద్ర పడుతుందా, పొద్దున లేచి చేయాల్సిన ఫోన్లు చేయగలమా, ఆ కోపం ఇంట్లో ఆడవాళ్లమీద, పిల్లలమీద పడకుండా ఉంటుందా అన్నదే దాని పరిధి. ప్రోటోకాల్‌ను ఈ కొలతతోనే కొలవాలి. బరువు ఎంత తగ్గింది, నడుము ఎంత వంగింది అన్నవి తర్వాతి మాటలు.

ఆ కొలతకు ఇది నిలుస్తుంది. కాకపోతే ఒక షరతు ఉంది. చాలామంది లేచి వెళ్లిపోయే చివరి పావుగంటను వదలకుండా చేయాలి.

వరసలో ఏముంది

'సంగచ్ఛధ్వం' ప్రార్థనతో మొదలవుతుంది. తర్వాత కీళ్లు వదులు చేసే కదలికలు: మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు. నిలబడి చేసేవి తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం. కూర్చుని చేసేవి భద్రాసనం, వజ్రాసనం, ఉష్ట్రాసనం, శశాంకాసనం, ఉత్తాన మండూకాసనం, వక్రాసనం. బోర్లా పడుకుని మకరాసనం, భుజంగాసనం, శలభాసనం. వెల్లకిలా సేతుబంధాసనం, ఉత్తానపాదాసనం, అర్ధహలాసనం, పవనముక్తాసనం, చివర శవాసనం. ఆపైన కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి, ధ్యానం, సంకల్పం, శాంతిపాఠం.

ఈ వరస వేసినవాళ్లు ఆలోచించి వేశారు. నిలబడ్డవాడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు బోర్లా పడుకుంటాడు, ఆ తర్వాత వెల్లకిలా తిరుగుతాడు. ఒళ్లు మెట్టుమెట్టుగా నేలకు దిగుతుంది. ముందుకు వంగే పాదహస్తాసనం వెంటనే వెనక్కి వంగే అర్ధచక్రాసనం వస్తుంది, వెనక్కి వంగే ఉష్ట్రాసనం తర్వాత ముందుకు వంగే శశాంకాసనం వస్తుంది. వెన్ను ఒకవైపే లాగబడి ఉండిపోదు. శవాసనం అయ్యాకే శ్వాస పనులు మొదలవుతాయి కాబట్టి ఆ వేళకు ఊపిరి దానంతట అదే నెమ్మదించి ఉంటుంది. నచ్చిన నాలుగు ఆసనాలు ఏరుకుని ముందువి వెనకా వెనకవి ముందూ చేసేవాళ్లు ఈ లాభం పోగొట్టుకుంటారు. తగ్గించుకోవాలంటే మధ్యలోవి తీసేయండి, వరస మాత్రం మార్చొద్దు.

లోపం కూడా ఇక్కడే ఉంది. ఇరవై ఆసనాల దాకా 45 నిమిషాల్లో ఇరికించారు. వదులు చేసే కదలికలు, ప్రాణాయామం, ధ్యానం తీసేస్తే ఒక్కో ఆసనానికి నిమిషం, మహా అయితే నిమిషంన్నర మిగులుతుంది. అలవాటున్నవాళ్లకు అది చాలు. కొత్తవాళ్లకు వీడియోలో గొంతు తర్వాతి ఆసనం పేరు చెప్పేసరికి ముందుదాంట్లో కాలు కూడా కుదరదు. అందుకని పరుగు, పరుగుతో ఆయాసం, ఆయాసంతోనే ధ్యానానికి కూర్చోవడం. ఆ స్థితిలో మనసు నిలవలేదని బాధపడితే లాభం లేదు. మొదటి నెల రోజులు నిలబడి రెండు, కూర్చుని రెండు, బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి చాలు. ఒక్కోదాంట్లో నాలుగైదు ఊపిరులు నెమ్మదిగా ఉండాలి. కుదిరాక ఒక్కొక్కటే కలుపుకోవచ్చు.

వృక్షాసనం: ఒంటికాలి మీద అరనిమిషం

వరసలో పాఠం దాగి ఉన్న ఆసనం ఇది. రెండు పాదాల మధ్య రెండంగుళాల ఎడం పెట్టి నిలబడండి. కుడికాలు మడిచి, అరికాలిని ఎడమ తొడ లోపలివైపు, వేళ్లు కిందికి ఉండేలా ఆనించండి. అంత ఎత్తు అందకపోతే పిక్కకు ఆనించండి. మోకాలి కీలు మీద మాత్రం పెట్టొద్దు. ఆ కీలు ముందుకూ వెనక్కీ మడవడానికే గానీ పక్కనుంచి వచ్చే ఒత్తిడి ఓర్చుకోవడానికి కాదు. ఇక్కడే చాలామందికి నొప్పి మొదలవుతుంది.

ఇప్పుడు నేలమీదున్న పాదాన్ని గమనించండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడు చోట్లా బరువు సమంగా పడాలి. అరికాల్లో, చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు ఒక్క క్షణం ఊరుకోవు. ఇటు కొంచెం, అటు కొంచెం సర్దుతూనే ఉంటాయి. ఆ సర్దుబాటే మనిషిని నిలబెడుతోంది. ఊగకూడదని పంతం పట్టి కాలు బిగదీస్తే ఆ కండరాలకు పనిచేసే వీలు పోతుంది, వెంటనే పడిపోతారు. పళ్లు బిగించినా, ఊపిరి పట్టినా అదే జరుగుతుంది. ఊగనివ్వండి, ఊపిరి ఆపకండి. మనసు కుదురు గురించి ఈ ప్రోటోకాల్ నేర్పేదాంట్లో మొదటి పాఠం ఈ పాదం కిందే దొరుకుతుంది.

చూపు కంటి ఎత్తులో గోడమీద కదలని ఒక్క చుక్క మీద ఉండాలి. ఎదుటి మనిషి, ఊగే కొమ్మ పనికిరావు. ఒంటి తూకాన్ని కళ్లు, లోపలి చెవి, కీళ్ల నుంచి వచ్చే స్పర్శ, ఈ మూడూ కలిసి చూసుకుంటాయి. చూపు కదిలితే ఒక ఆధారం పోయినట్టే. కళ్లు మూసుకుని చేయడం అనుభవం ఉన్నవాళ్ల పని. అరవై దాటినవాళ్లు, తల తిరిగే జబ్బున్నవాళ్లు గోడకు జానెడు దూరంలో నిలబడి వేళ్లు ఆనించి చేయాలి. అలా చేసినా ఫలితం ఏమీ తగ్గదు. ఒక్కో కాలికి 30 సెకన్లు చాలు. ఒక కాలిమీద బాగా నిలబడి రెండోదానిమీద అసలు నిలవలేకపోవడం మామూలే. బలహీనంగా ఉన్న పక్క ఇంకోసారి చేయండి.

నాడీశోధన దగ్గర జరిగే తప్పులు

రేటు పడిన రోజున అక్కరకొచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కుడిచేయి ముక్కు దగ్గర, ఎడమచేయి ఎడమ మోకాలి మీద. బొటనవేలు కుడి రంధ్రానికి, ఉంగరంవేలూ చిటికెనవేలూ ఎడమ రంధ్రానికి. కుడివైపు మూసి ఎడమతో తీసుకోవాలి. ఎడమ మూసి కుడితో వదలాలి. మళ్లీ కుడితోనే తీసుకుని ఎడమతో వదలాలి. ఇదంతా కలిపి ఒక ఆవృత్తి. ప్రోటోకాల్ ఐదు ఆవృత్తులు చెప్తుంది. మనసు కలతగా ఉన్నరోజు తొమ్మిదికి పెంచుకోవచ్చు.

లెక్క ఇలా పెట్టుకోండి: తీసుకునేటప్పుడు మనసులో నాలుగు, వదిలేటప్పుడు ఆరు. సెకనుకొక అంకె. మధ్యలో పట్టి ఉంచడం వద్దు. అలా చేస్తే ఒక శ్వాసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు శ్వాసలు పడతాయి. దీనికో కారణం ఉంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి చేసే పని అది. నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఆ ఎక్కుదిగుళ్లు అన్నిటికన్నా స్పష్టంగా ఉంటాయి. వదలడం నిడివిగా ఉంటే నెమ్మదించే భాగం ఎక్కువసేపు నడుస్తుంది. నమ్మకం కుదరకపోతే ముక్కు మూయకుండా ఇదే లెక్కలో ఊపిరి తీస్తూ, ఎడమ మణికట్టు మీద బొటనవేలి పక్క మూడువేళ్లు పెట్టి నాడి చూసుకోండి. వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరగడం చాలామందికి తెలుస్తుంది.

తప్పులు నాలుగైదు ఉన్నాయి. మొదటిది, ముక్కు పైభాగంలో ఎముక మీద నొక్కడం. అక్కడ ఎంత నొక్కినా గాలి ఆగదు, ముక్కు మాత్రం నొస్తుంది. ఎముక ఆగిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోట వేలు తేలిగ్గా ఆనిస్తే చాలు. రెండోది, చప్పుడు వచ్చేలా లాగడం. పక్కన కూర్చున్నవాళ్లకు వినపడకూడదు. మూడోది, రెండు నిమిషాలకే భుజం నొప్పి పుట్టడం. మోచేతిని పక్కటెముకలకు దగ్గరగా దించండి, లేదా ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకోండి. నాలుగోది, చేయి బరువుకు తల వంచేయడం, దాంతో ఛాతీ ముడుచుకుపోతుంది. జలుబు చేసి ఒక రంధ్రం పూర్తిగా మూసుకుపోయిన రోజు బలవంతం చేయొద్దు. వేళ్లు పెట్టకుండా రెండు రంధ్రాలతోనే నాలుగు–ఆరు లెక్క పాటించండి, ప్రయోజనంలో ఎక్కువ భాగం దక్కుతుంది. ఆరు లెక్క పెట్టేలోపు ఉక్కిరిబిక్కిరి అయితే మూడు–నాలుగుతో మొదలుపెట్టండి. ఊపిరికోసం గింజుకున్న క్షణం నుంచి ఫలితం ఉల్టా అవుతుంది.

భ్రామరి కూడా ఇంతే తేలికైనది. చెవిలోకి వేలు దూర్చకుండా, చెవి ముందున్న చిన్న మృదులాస్థిని వేలితో లోపలికి నొక్కి మూసుకోవాలి. పెదవులు కలపాలి, పళ్ల మధ్య కొంచెం సందు ఉంచాలి, తుమ్మెదలా సన్నగా మూలుగుతూ ఊపిరి వదలాలి. ఐదుసార్లు. పెద్దగా చేయక్కర్లేదు, దిగువ స్థాయిలో ఒకే తీరుగా సాగాలి. ఇంటర్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు పరీక్షల ముందురోజు రాత్రి మంచంమీద కూర్చుని చేసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు.

కపాలభాతి, శీతలి: అందరికీ కాదు

కపాలభాతి 20 పోట్ల చొప్పున మూడుసార్లు చేయమంటారు. పొట్టను లోపలికి కొట్టి ఊపిరి బయటికి తోయాలి, తీసుకోవడం దానంతట అదే జరగాలి. తీసుకోవడాన్ని కూడా బలంగా చేసి, భుజాలు ఎగరేస్తూ, వందా రెండువందలూ కొట్టేవాళ్లు తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి ఏదో శక్తి వచ్చిందనుకుంటారు. అది రక్తంలో కార్బన్ డయాక్సైడు మరీ తగ్గిపోవడంవల్ల వచ్చేది. ఆందోళన ఎక్కువగా ఉన్న మనిషికి గుండె దడ పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, కడుపులో పుండు, ముక్కు నుంచి రక్తం కారే తత్వం ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని వదిలేయాలి. మనసు కుదురే కావాలనుకుంటే ప్రోటోకాల్ నుంచి నిస్సంకోచంగా తీసేయదగ్గది ఇదొక్కటే.

శీతలి నాలుకను గొట్టంలా చుట్టి నోటితో గాలి పీల్చి, ముక్కుతో వదలడం. నాలుక చుట్టడం రానివాళ్లు పళ్లమధ్య నుంచి పీల్చవచ్చు, దాన్ని శీత్కారి అంటారు. మే నెల ఎండల్లో హాయిగా ఉంటుంది. అయితే నోటితో పీల్చిన గాలికి ముక్కులోలాగా వడపోత ఉండదు. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల, హైవే పక్క ఇళ్లలో, పొగాకు గ్రేడింగ్ జరిగే చోట దీన్ని చేయొద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు, చలికాలంలో ఎవరికైనా అసలే వద్దు.

చివరి పావుగంట ఎందుకు పోతుంది

గుంపుగా చేసేటప్పుడు ఎండెక్కుతుంది, మైకులో ధన్యవాదాలు చెప్పాలి, ధ్యానం రెండు నిమిషాలకు కుదించేస్తారు. ఇంట్లో చేసేవాళ్లు శవాసనం కాగానే పాలవాడు వచ్చాడనో, ఫోను మోగిందనో లేస్తారు. చెమట పట్టింది కాబట్టి యోగా అయిపోయిందన్న లెక్క. నిజానికి ఆసనాలన్నీ ఈ భాగానికి ఒంటిని సిద్ధం చేయడానికే పెట్టారు.

ధ్యానంలో ప్రోటోకాల్ పెద్ద షరతులు పెట్టదు. సుఖంగా కూర్చోవాలి, వెన్ను నిటారుగా ఉండాలి, కళ్లు మూసి ఊపిరిని గమనించాలి. నేలమీద కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా ఎత్తులో లేస్తున్నాయా చూసుకోండి. లేస్తుంటే నడుము వెనక్కి వాలిపోతుంది, పది నిమిషాల్లో వెన్ను లాగుతుంది. పిరుదుల కింద నాలుగంగుళాల ఎత్తున మడిచిన దుప్పటి వేస్తే తుంటి పైకి లేచి వెన్ను దానంతట అదే నిలుస్తుంది. అదీ కుదరకపోతే చేతుల్లేని కుర్చీలో అంచుకు జరిగి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోండి.

అప్పు గుర్తుకొస్తుంది, మిల్లువాడి మాట గుర్తుకొస్తుంది. రానివ్వండి. దాన్ని తరమడం మొదలుపెడితే అదే పనై కూర్చుంటుంది. గుర్తొచ్చిందని తెలిసిన వెంటనే ఊపిరి వదలడం దగ్గరికి తిరిగి రావడమే చేయాల్సింది. ఐదు నిమిషాల్లో యాభైసార్లు తిరిగి రావాల్సి వస్తే యాభైసార్లు అభ్యాసం జరిగినట్టు. కొన్ని వారాలకు తేడా కనిపించేది చాపమీద కాదు, బయట. ఎదుటివాడు గొంతు పెంచినప్పుడు మన నోటివెంట మాట రాకముందు ఒక్క ఊపిరి ఎడం దొరుకుతుంది.

సంకల్పంలో మొదటి మాట, మనసును ఎప్పుడూ సమతూకంలో ఉంచుకోవాలన్నదే. ఆ తర్వాత నాపట్ల, కుటుంబంపట్ల, పనిపట్ల, సమాజంపట్ల నా బాధ్యత నెరవేరుస్తాననే భావం వస్తుంది. మైకు వెంట గబగబా చదివితే అందులో ఏమీ ఉండదు. ఆ రోజు జరగబోయే ఒక్క పనిని తలచుకుని నెమ్మదిగా అనుకుంటే బరువు తెలుస్తుంది. వేలానికి వెళ్లే రోజైతే వేలం, బ్యాంకుకు వెళ్లే రోజైతే బ్యాంకు.

కష్టం వచ్చిన రోజుకు పావుగంట వరస

తుపాను రోజు, ఆసుపత్రి రోజు, గుంటలో రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తగిలిన రోజు ఎవరూ 45 నిమిషాలు కూర్చోలేరు. ఆ రోజుకు వేరే వరస ముందే ఖాయం చేసి పెట్టుకోవాలి. లేకపోతే మొత్తం మానేస్తారు, మానింది వారమవుతుంది. ఇది సరిపోతుంది: తాడాసనం మూడుసార్లు, నిమిషం. వృక్షాసనం రెండు పక్కలా, సర్దుకోవడంతో కలిపి రెండు నిమిషాలు. శశాంకాసనం నిమిషం. మకరాసనం రెండు నిమిషాలు. నాడీశోధన తొమ్మిది ఆవృత్తులు, మూడు నిమిషాలు. భ్రామరి ఐదుసార్లు, నిమిషంన్నర. మిగిలిన నాలుగున్నర నిమిషాలు ఊరికే కూర్చోవడం. పునరావాస కేంద్రం చేసిన బడిలో బెంచీమీద కూర్చున్నా చివరి మూడూ చేయొచ్చు, చాప అక్కర్లేదు.

పతంజలి అభ్యాసానికి మూడు షరతులు పెట్టాడు: చాలాకాలం చేయాలి, ఎడం లేకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. ఇందులో మనవాళ్లు తప్పేది రెండోదాని దగ్గర. అదీ కష్టంలో కంటే సుఖంలో ఎక్కువ తప్పుతారు. రేటు బాగున్న సీజన్లో, పెళ్లిళ్ల నెలలో, అబ్బాయికి ఉద్యోగం వచ్చిన వారంలో చాప మూలకు పోతుంది. మళ్లీ దెబ్బ తగిలాక బయటికి వస్తుంది. అప్పటికి ఒళ్లూ ఊపిరీ అలవాటు మరిచి ఉంటాయి. అవసరం వచ్చిన రాత్రి కొత్తగా నేర్చుకోవడం అయ్యే పని కాదు. బాగున్న రోజున కూడా పావుగంటకు తగ్గించొద్దు. అలాగే ఉత్సాహం వచ్చిందని గంటన్నరకు పెంచొద్దు, పెంచినవాళ్లు పదిరోజుల్లో ఆపేస్తారు.

వేళ సంగతి. పుస్తకం ఉదయం, ఖాళీ కడుపు అంటుంది. రొయ్యల రైతుకు గుంటలో ఆక్సిజన్ అడుగంటేది సరిగ్గా తెల్లవారకముందే, ఆ వేళ నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల దగ్గర ఉండాల్సినవాణ్ణి చాపమీద కూర్చోమనడం తప్పు. మధ్యాహ్నం భోజనమై నాలుగు గంటలు గడిచాక, సాయంత్రం ఐదు–ఆరు మధ్య ఆయనకు కుదిరే వేళ. బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) కాల్చే రోజుల్లో పొగాకు రైతు రాత్రంతా వేడి చూసుకుంటూ మెలకువగా ఉంటాడు. పొద్దున ఆయనకు ఆసనాలకంటే శవాసనం ముఖ్యం. కృష్ణపట్నం పోర్టులో నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లు నిద్రకు ముందు కపాలభాతి, వెనక్కి వంగే ఆసనాలు చేయొద్దు, మెలకువ పెరుగుతుంది. ఎవరికైనా వేళకంటే వేళ మారకపోవడం ముఖ్యం. ఎండాకాలంలో మేడమీద సాయంత్రం చేయకండి. పగలంతా కాగిన శ్లాబు ఎనిమిదింటిదాకా వేడి వదులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున అదే మేడ హాయి. శవాసనంలో ఫ్యాను నేరుగా మీదికి తగలకుండా చూసుకోండి, చెమట ఆరి ఒళ్లు చల్లబడి కండరాలు మళ్లీ బిగుసుకుంటాయి. పంచె గానీ చీర గానీ పలచగా కప్పుకుంటే చాలు.

చాప విషయంలో ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, కానీ మందం చూసి కొనండి. 10 మిల్లీమీటర్ల మెత్తటి చాప పడుకోవడానికి బాగుంటుంది, దానిమీద వృక్షాసనంలో పాదం దిగబడి చీలమండ మెలిక పడుతుంది. 4 నుంచి 6 మిల్లీమీటర్లు సరైనది. మోకాళ్లు నొస్తే ఆ చోట మాత్రం తువాలు మడిచి వేసుకోండి. తుంగచాప ఒక్కటే అయితే గ్రానైటు బండలమీద, టైల్స్‌మీద జారుతుంది, త్రికోణాసనంలో కాళ్లు విడిపోతాయి. నిలబడి చేసేవి వట్టి నేలమీద చేసి, కూర్చునేవాటికి చాపో జంపఖానానో వాడుకుంటే ఖర్చే లేదు. సముద్రపు గాలికి మనవైపు రబ్బరు చాపలు తొందరగా జిగటవుతాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే పెళుసెక్కి పొరలు ఊడతాయి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వజ్రాసనం, ఉష్ట్రాసనం, మండూకాసనం వదిలేయండి. చీలమండ మాత్రమే నొస్తుంటే దానికింద చుట్టిన తువాలు పెడితే వజ్రాసనం కుదరవచ్చు. డిస్కు సమస్య, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), అదుపులో లేని బీపీ ఉంటే పాదహస్తాసనంలో తల కిందికి వేలాడదీయొద్దు, గోడకు చేతులు ఆనించి సగం వంగితే చాలు. ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు బోర్లా చేసేవి వద్దు. బీపీ, షుగరు మాత్రలు యోగా మొదలుపెట్టామని సొంతంగా ఆపకూడదు. కొలతలు తగ్గితే డాక్టరే తగ్గిస్తారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రెండువారాలుగా నిద్రలేదు, తిండి సయించడం లేదు, బతకాలని లేదు అనిపిస్తుంటే ఇది ప్రోటోకాల్‌కు లొంగే విషయం కాదు. అలాంటప్పుడు కళ్లు మూసుకుని ఒంటరిగా కూర్చుంటే ఆలోచనలు ఇంకా ముసురుకోవచ్చు. 14416కు ఫోన్ చేయండి. అది కేంద్రం నడిపే టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. చికిత్స నడుస్తుండగా కళ్లు తెరిచి చేసే నాలుగు–ఆరు శ్వాస, కాసేపు నడక పక్కన ఉండొచ్చు.

వీడియో చూసి మాత్రమే నేర్చుకోవచ్చా అంటే, వరస నేర్చుకోవచ్చు, తప్పులు మాత్రం కనపడవు. వీడియో మీవైపు చూడదు. పది రోజులైనా దగ్గరుండి చూసేవాళ్ల దగ్గర కూర్చోండి, ఊళ్లో క్లాసు ఫీజు కట్టినా సరే. ఆ పది రోజుల్లో మూడు సంగతులు ఆయనచేత గానీ ఆవిడచేత గానీ ప్రత్యేకంగా చూపించుకోండి. భుజంగాసనంలో చేతుల బలంతో లేస్తున్నారా, వెన్ను బలంతోనా? అరచేతులు నేలనుంచి అంగుళం ఎత్తమని చూస్తే తెలిసిపోతుంది. మెడ తిప్పేటప్పుడు తలను వెనక్కి పడేస్తున్నారా? నాడీశోధనలో వదిలేటప్పుడు ఛాతీ ముందు కూలుతోందా, పొట్ట నెమ్మదిగా లోపలికి వెళ్తోందా? ఈ మూడూ చూడకుండా మొదటిరోజే శీర్షాసనం నేర్పుతామనే చోట డబ్బు కట్టకండి.